బూస్టర్ లేటయితే మళ్లీ మొదటి నుంచి వేయించాలా?

ప్రశ్న: మేం హన్మకొండలో ఉంటాం. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మా ఆయన రోజూ కరీంనగర్ పోయి వస్తారు, పొద్దున వెళ్తే రాత్రికే ఇల్లు చేరడం. బాబుకు ఐదేళ్ల తొమ్మిది నెలలు. ఐదేళ్లకు వేయించాల్సిన డీపీటీ బూస్టర్ ఇంకా వేయించలేదు. ప్రతి బుధవారం అనుకుంటాను, ఏదో ఒకటి అడ్డం పడుతుంది. ఒకసారి గ్యాస్ బండ వస్తుందన్నారు. ఇంకోసారి లైనింగ్ బట్ట, జరీ దారం పార్సిల్ 'ఈరోజే డెలివరీ' అని మెసేజ్ వచ్చింది, రోజంతా కూర్చున్నా రాలేదు. బతుకమ్మ ఆర్డర్లు కూడా మొదలయ్యాయి. ఒక ప్రైవేటు హాస్పిటల్లో నొప్పిలేని టీకా అడిగితే స్టాక్ రాలేదు, వచ్చే వారం రండి అని నెలన్నరగా తిప్పుతున్నారు. ఏడాదిన్నరకు వేయించినప్పుడు బాబుకు జ్వరం వచ్చి, తొడ వాచి బాగా ఏడ్చాడు, అందుకే దానికోసం ఆగాను. అత్తమ్మేమో 'బడికి పోయే పిలగానికి ఇంకా సూదులేంది, కరోనా బూస్టర్ మనం ఏసుకున్నమా, ఏమైంది' అంటుంది. ఇంత లేటయ్యాక మళ్లీ మొదటి నుంచి వేయాలంటారేమోనని భయంగా ఉంది. టీకాల కార్డు పరకాలలో అమ్మవాళ్లింట్లో ఉండిపోయింది. ఆశా అక్క ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోతున్నాను. పాపకు పదకొండేళ్లు. తనకు పదేళ్లప్పుడు ఒక టీకా ఉంటుందని మొన్ననే తెలిసింది. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, హన్మకొండ

సమాధానం:

చెల్లెమ్మా, ముందు మీ భయం తీరాలి. మొదటి నుంచి వేయించనక్కర్లేదు. బాబుకు పసితనంలో నెలన్నర, రెండున్నర, మూడున్నర నెలలప్పుడు పడిన మూడు సూదులూ, ఏడాదిన్నరప్పుడు పడిన మొదటి బూస్టరూ ఎక్కడికీ పోలేదు. ఆగిన చోటి నుంచి అందుకోవడమే. మీకు తెలిసిన పనిలోనే చెబుతాను. బ్లౌజుకు ఒక వరస కుట్టు వేసి పక్కన పెట్టారు, రెండో వరస వేయడానికి నెలలు పట్టింది. ఆలస్యమైందని మొదటి కుట్టు విప్పి మళ్లీ వేయరు కదా, దాని మీదే రెండోది వేసి బిగిస్తారు. బాబుకు ఇప్పుడు కావాల్సింది ఆ ఒక్క సూదే, కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు, ధనుర్వాతం మూడింటికీ కలిపి వేసే డీపీటీ.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను ఏళ్ల తరబడి టీకాల గదిలో పనిచేసిన దాన్ని. లేటు చేసిన తల్లుల్లో చాలామందిని ఆపేది పనులు కాదు, 'ఇప్పుడు పోతే ఏమంటారో' అన్న జంకు. మొదటి వారం నిజంగానే ఏదో పని పడుతుంది. నాలుగో వారం వచ్చేసరికి పని లేకపోయినా కాలు ముందుకు పడదు. మీరు ఆశా అక్కను చూసి పక్క సందులోకి తిరగడం అదే. ఆమె దగ్గర డ్యూ లిస్టు ఉంటుంది, ఎవరికి ఏ టీకా బాకీ ఉందో రాసుకున్న పట్టిక. మీ బాబు పేరు అందులో పడే ఉంటుంది, టీకా పడేదాకా తీసేయరు. మిమ్మల్ని తప్పు పట్టాలని ఆమె ఎదురురావడం లేదు, ఆ పేరు ఎదుట టిక్కు పెట్టుకోవాలని వస్తోంది. ఈ సాయంత్రమే ఫోన్ చేసి, 'అక్కా, బాబుది ఐదేళ్ల డీపీటీ ఉంది, పాపది పదేళ్లది ఉంది, ఈ బుధవారం వస్తాం' అనండి. ఎందుకు లేటయిందో సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

అయితే టైం ఎంతైనా ఉందని అనుకోవద్దు. డీపీటీ వేసేది ఏడేళ్లు నిండేదాకే. ఆ తర్వాత వేసే టీడీలో ధనుర్వాతం మందు, కంఠసర్పి మందు ఉంటాయి, కోరింత దగ్గుకు ఏమీ ఉండదు. మీ బాబుకు ఇంకా ఏడాది పైనే ఉంది కాబట్టి కంగారు పడొద్దు. కానీ బతుకమ్మ అయ్యాక చూద్దాం అనుకుంటే ఆ వెంటనే దసరా, ఆ వెనకే దీపావళి, ఆ తర్వాత పెళ్లిళ్ల సీజన్. మిషన్ ముందు కూర్చునే వాళ్లకు ఖాళీ అనేది దానంతటదే రాదని మీకు నేను చెప్పాలా?

ఇక అత్తమ్మ మాట. దాన్ని తేలిగ్గా తీసేయకండి, ఆమె ఒక్కరే అనుకుంటున్న మాట కాదది. బూస్టర్ అన్న పేరు మన ఇళ్లలోకి గట్టిగా వచ్చింది కరోనా టైంలోనే. 2022 జనవరి 10న ప్రికాషన్ డోసు మొదలైంది, కరోనా బూస్టర్‌కు ప్రభుత్వం పెట్టిన పేరు అది. ఆ ఏడాది జులై 15 నుంచి 75 రోజులపాటు పద్దెనిమిదేళ్లు దాటిన వాళ్లందరికీ ప్రభుత్వం ఉచితంగా వేసింది. అప్పటికి జనానికి భయం తగ్గింది, చాలామంది పోలేదు, పోనివాళ్లు బాగానే ఉన్నామనుకున్నారు. అందుకే బూస్టర్ అంటే వేసుకుంటే మంచిది, లేకున్నా నడుస్తుంది అన్న అర్థం స్థిరపడిపోయింది. పిల్లల డీపీటీ బూస్టర్ అలాంటిది కాదు. అది కరోనాకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే టీకాల పట్టికలో ఉన్నది. పసితనంలో వేసిన సూదుల బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. సరిగ్గా పిల్లాడు బడికి పోయి నలుగురిలో కలిసే వయసుకు అది పలచబడుతుంది. అందుకే ఐదు, ఆరేళ్ల మధ్య ఇంకోటి పెట్టారు. 'బడికి పోయే పిలగానికి ఎందుకు' అన్న ప్రశ్నకు జవాబు బడికి పోతున్నాడు కాబట్టే.

ఆ మూడు జబ్బుల్లో కంఠసర్పి గురించి కాస్త చెప్పాలి, మన వైపు అది పాత కథ కాదు కనుక. గొంతులో బూడిదరంగు పొర కడుతుంది, మెడ ఉబ్బుతుంది, ఊపిరి అందదు. ఆ క్రిమి వదిలే విషం గుండె మీద పడుతుంది, ప్రాణం తీసేది ఎక్కువగా అదే. హైదరాబాద్ నల్లకుంటలో ఫీవర్ హాస్పిటల్ ఉంది, మనవాళ్లు కోరంటి దవాఖాన అంటారు. ఈ జబ్బు సోకిన పిల్లల్ని తీసుకుపోయేది అక్కడికే. మన దేశంలో ఇప్పుడు కంఠసర్పి కనిపిస్తున్నది పసిపిల్లల్లో కంటే ఐదేళ్లు దాటిన పిల్లల్లో ఎక్కువ. చిన్నప్పటి సూదులు పడి బూస్టర్లు పడని పిల్లలు వాళ్లలో ఉంటున్నారు.

ధనుర్వాతం సంగతి వేరు. మిగతా టీకాల్లో చుట్టుపక్కల పిల్లలందరికీ పడితే మన పిల్లాడికీ కొంత కాపు దొరుకుతుంది. ధనుర్వాతం మనిషి నుంచి మనిషికి అంటదు, మట్టిలో ఉంటుంది. వాడకట్టు అంతా వేయించుకున్నా, మోకాలు గీసుకున్న పిల్లాడికి ఆసరా వాడి ఒంట్లో ఉన్న టీకా ఒక్కటే. మీ అత్తమ్మకు ఈ జబ్బు గురించి మీకంటే ఎక్కువ తెలిసుంటుంది. ఆమె చిన్నతనంలో బాలింత ఇంట్లో బొడ్డు కోసిన తర్వాత వారం తిరక్కుండానే పసిబిడ్డ పాలు తాగడం మానేసి, ఒళ్లు బిగుసుకుపోయి చనిపోయిన కథ ఊరూరా ఉండేది. ఒకసారి అడిగి చూడండి. కడుపుతో ఉన్నవాళ్లకు సూదులు వేయడం, కాన్పులు దవాఖానల్లో జరగడం వల్ల పసిబిడ్డల ధనుర్వాతాన్ని మన దేశం 2015 నాటికి అదుపులోకి తెచ్చింది. అయినా ఆ క్రిమి మన మట్టిలోనే ఉంది. ఆమె చూసిన దాన్ని ఆమె నోటితోనే చెప్పించుకోండి. మీరు వాదించి గెలవాల్సిన పని ఉండదు.

నొప్పిలేని టీకా కోసం ఆగడం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇక ఆగకండి. మీరు తిరుగుతున్న హాస్పిటల్ తప్పు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఆ టీకాల్లో ఎక్కువ భాగం విదేశాల నుంచి రావాలి, డిస్ట్రిబ్యూటర్ పంపాలి, దారి పొడుగునా చల్లగా ఉండాలి. ఐదేళ్ల బూస్టర్ అడిగేవాళ్లు తక్కువ కాబట్టి ఆస్పత్రులు ఎక్కువగా తెప్పించి పెట్టుకోవు. అందుకే 'వచ్చే వారం' అన్న మాట అలా జరుగుతూనే ఉంటుంది. అర్బన్ హెల్త్ సెంటర్లో ఉచితంగా వేసే మామూలు డీపీటీకి ఆ గొడవ లేదు. జిల్లా స్టోరు నుంచి సెంటర్ ఫ్రిజ్‌కు వస్తుంది, అక్కడి నుంచి ఐస్ ప్యాకులు పెట్టిన డబ్బాలో టీకాలు వేసే చోటుకు చేరుతుంది.

రెండింటికీ తేడా ఏమిటంటే కోరింత దగ్గు మందు దగ్గరే. మామూలు దాంట్లో ఆ క్రిమి మొత్తం ఉంటుంది, నొప్పిలేని దాంట్లో దాని ముక్కలు కొన్నే ఉంటాయి. ముక్కలే కాబట్టి జ్వరం, వాపు తక్కువ. కానీ కోరింత దగ్గు నుంచి ఇచ్చే కాపు కూడా దాంట్లోనే తొందరగా తగ్గిపోతుందని ప్రపంచమంతా చూశారు. కాబట్టి ఉచితంగా వేసేది నాసిరకం అన్న అనుమానం పెట్టుకోకండి. డబ్బు పెట్టి కొన్నదే మంచిదన్న నమ్మకం మన తల్లుల్లో బాగా నాటుకుపోయింది, ఆ నమ్మకంతోనే ఎన్నో బుధవారాలు వృథా అవుతున్నాయి. నాకు బాధ కలిగించేది అదే.

ఇంకో మాట. ఎవరైనా 'హైదరాబాద్‌లో దొరుకుతుంది, తెప్పించి ఇస్తాం, మీ దగ్గర క్లినిక్‌లో వేయించుకోండి' అంటే ఒప్పుకోవద్దు. ఇది 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాల్సిన సరుకు. ఎండకు పాడైనట్టే గడ్డకట్టినా పాడవుతుంది, గడ్డకట్టి కరిగిన సీసాను చూసి మామూలు మనిషి పోల్చుకోలేడు. మీ జరీ దారం పార్సిల్ 'ఈరోజే' అని చెప్పి రోజంతా రాలేదన్నారు కదా, అలాంటి దారిలో టీకా రాకూడదు.

సెంటర్లో కావాలంటే మీరే ఒకటి చూసుకోవచ్చు. డీపీటీ సీసా లేబుల్ మీద చిన్న వృత్తం, దాని లోపల చతురస్రం ఉంటాయి. లోపలి చతురస్రం చుట్టూ ఉన్న రంగు కంటే లేతగా ఉంటే ఆ సీసా వేడికి చెడలేదని గుర్తు. రెండూ ఒకే రంగులోకి వచ్చినా, లోపలిది ఇంకా ముదిరినా దాన్ని వాడరు. అడిగితే టీకా వేసే నర్సమ్మ, అంటే ఏఎన్‌ఎం, చూపిస్తుంది, ఏమీ అనుకోదు. ఒక్క పిల్లాడి కోసం పది మంది సీసా విప్పరేమో అని కొందరు తల్లులు వెనక్కి తగ్గుతారు, ఆ సందేహం కూడా వద్దు. డీపీటీ సీసాను ఒకసారి విప్పితే, పద్ధతి ప్రకారం చల్లగా ఉంచి 28 రోజుల దాకా వాడుకునే వీలుంది. ఒక్కడే వచ్చినా విప్పి వేయాలి.

కిందటిసారి జ్వరం, వాపు వచ్చాయన్నారు. డీపీటీకి అవి మామూలే. సాధారణంగా అదే రోజు సాయంత్రం మొదలై ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. ఈసారి సూది తొడకు కాదు, జబ్బకు వేస్తారు, కాబట్టి నడవడానికి ఇబ్బంది ఉండదు. బాబు ఏ చేత్తో రాస్తాడో చెప్పి రెండో చేతికి వేయమనండి. వేశాక అరగంట అక్కడే కూర్చోవాలి, అది తప్పనిసరి. సూది పడిన చోట రుద్దడం, కాపడం పెట్టడం వద్దు. చల్లటి నీళ్లలో పిండిన శుభ్రమైన గుడ్డ వేస్తే చాలు. జ్వరం వస్తే పారాసెటమాల్ సిరప్. ఇక్కడే జాగ్రత్త. మెడికల్ షాపుల్లో ఈ సిరప్ రెండు బలాల్లో దొరుకుతుంది. 5 ఎంఎల్‌లో 120 లేదా 125 మిల్లీగ్రాములు ఉండేది ఒకటి, 250 ఉండేది ఇంకొకటి. చిన్నప్పుడు ఇంత పోశాం కదా అని అదే కొలత పోయకండి. బిడ్డ బరువు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు లెక్క, డోసుకు డోసుకు మధ్య కనీసం నాలుగు గంటలు ఆగాలి, రోజుకు నాలుగుసార్లు మించకూడదు. బాబును అక్కడే తూకం వేయించి, మీ ఇంట్లో ఉన్న సీసా ఏదో ఏఎన్‌ఎంకు చూపించి ఎన్ని ఎంఎల్ పోయాలో కార్డు మీద రాయించుకోండి. రాత్రి పన్నెండింటికి లెక్కలు వేసే అవసరం ఉండదు.

కిందటిసారి ఫిట్స్ రావడం, టీకా వేసిన వెంటనే ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరి ఆడకపోవడం లాంటివి జరిగి ఉంటే మాత్రం సంగతి వేరు. మీరు రాయలేదు కాబట్టి జరగలేదనే అనుకుంటున్నాను. జరిగి ఉంటే డాక్టర్‌కు చెప్పాకే వేయించాలి. ఈసారి వేశాక అలాంటిది కనిపించినా, మూడు గంటలకు పైగా ఆపకుండా ఏడ్చినా 108కు ఫోన్ చేయండి, లేదా నేరుగా వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి తీసుకుపోండి. ఇలా జరగడం చాలా అరుదు, కానీ ఏం చేయాలో ముందే తెలిసి ఉంటే ఇంట్లో అందరూ నిబ్బరంగా ఉంటారు. ముక్కు కారుతోంది, కొద్దిగా దగ్గుతున్నాడు అని మాత్రం మానుకోకండి. జలుబుకు టీకా ఆపరు, బాగా జ్వరం ఉంటేనే ఆపుతారు. వానాకాలంలో మన పిల్లలకు ముక్కు కారని వారం ఎక్కడుంటుంది చెప్పండి.

కార్డు పరకాలలో ఉందన్నారు. దానికోసం బస్సెక్కక్కర్లేదు. అమ్మకు ఫోన్ చేసి, టీకాల పట్టిక ఉన్న పేజీలు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టమనండి. ఆమెకు రాకపోతే పక్కింటి పిల్లల్ని పిలవమనండి. తేదీలు కనిపించాలి, మూలన రాసిన నంబర్ కూడా కనిపించాలి. ఫొటో చూపిస్తే ఏఎన్‌ఎం రిజిస్టర్‌లో సరిచూసుకుని కొత్త కార్డులో ఎక్కిస్తుంది. టీకాల వివరాలు ఆన్‌లైన్‌లో దాచే ప్రభుత్వ యు-విన్‌లో నమోదు చేయడానికి మీ ఫోన్ నంబర్ అడిగితే ఇవ్వండి, మున్ముందు కార్డు పోయినా ఇబ్బంది ఉండదు. ఫొటో వచ్చాక ఒకసారి మీరే చూడండి, ఏడాదిన్నర వరసలో డీపీటీ పక్కనే మీజిల్స్ రుబెల్లా రెండో డోసు తేదీ కూడా ఉండాలి. అక్కడ ఖాళీగా ఉంటే అదీ అడగండి.

ఇప్పుడు మీ బుధవారం గురించి. మన దగ్గర టీకాలు వేసేది బుధ, శనివారాల్లో. బుధవారం సెంటర్లో, శనివారం బస్తీల్లో, అంగన్‌వాడీల దగ్గర. మీ వాడకట్టుకు ఏ శనివారం వస్తారో ఆశా అక్క చెబుతుంది. మీకు శనివారం నయం అనిపిస్తే అదే పెట్టుకోండి, కానీ రెండూ చేతిలో ఉంచుకుని ఊగిసలాడొద్దు.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఒకటి కనిపించింది. మీ రోజును నడిపేది ఫోన్. గ్యాస్ వాళ్లు ఫోన్ చేస్తారు, కొరియర్ వాళ్లు మెసేజ్ పెడతారు, బ్లౌజు ఎప్పుడిస్తారని కస్టమర్లు ఫోన్ చేస్తారు. ఎవరు తొందరపెడితే ఆ పని ముందుకొస్తోంది. టీకా ఎవర్నీ తొందరపెట్టదు, అందుకే అది ప్రతిసారీ వెనక్కి పోయింది. ఇంత పని నెత్తిన వేసుకుని మీరు నెట్టుకొస్తున్న తీరు చూస్తే మిమ్మల్ని నిర్లక్ష్యం మనిషి అని ఎవరూ అనలేరు. కానీ ఆ పార్సిల్ కోసం మీరే ఇంట్లో ఎందుకు ఉండాలి? గ్యాస్ బండ దించుకోవడానికి కావాల్సింది మీ ఫోన్‌కు వచ్చిన కోడ్. మీరు సెంటర్లో కూర్చుని ఉన్నా, ఇంటి దగ్గర ఉన్న మనిషి ఫోన్ చేసి బండ వచ్చిందంటే చెప్పేయొచ్చు. కొరియర్ కూడా అంతే. అయితే వచ్చినవాళ్లు గుమ్మం ముందు ఉన్నారని మన మనిషి చెప్పాకే కోడ్ చెప్పండి. ఊరికే ఫోన్ చేసి ఓటీపీ అడిగే కొత్తవాళ్లకు చెప్పొద్దు.

ఆ ఇంటి దగ్గర ఉండే మనిషి అత్తమ్మే. టీకా వేయించాలా వద్దా అని ఆమెను అడగకండి. 'అత్తమ్మా, బుధవారం పొద్దున పిల్లల్ని తీసుకుని హెల్త్ సెంటర్‌కు పోయొస్తా, గ్యాస్ వస్తే జర చూసుకో, పార్సిల్ వస్తే తీసి పెట్టు' అనండి. చేయమని పని అప్పగిస్తే పెద్దవాళ్లు కాదనరు. అనుమతి అడిగితే మాత్రం ఆలోచించి ఏదో ఒకటి అంటారు. మీ ఇంట్లో నేను మార్చమనేది ఈ ఒక్కటే.

మీ ఆయన మాట ఉత్తరంలో ఒకే ఒక్క వాక్యంలో వచ్చింది, కరీంనగర్ పోయి వచ్చే చోట. ఆయనను తప్పుపట్టడం లేదు, రోజూ అంత దూరం పోయి రావడం తేలిక కాదు. అయినా పిల్లాడి టీకా తేదీ ఆయన ఫోన్లోనూ ఉండాలి. జ్వరం వస్తే ఆ రాత్రి మేలుకోవడం ఇద్దరూ పంచుకోవాలి. గురువారం ఇవ్వాల్సిన బ్లౌజులు ఉంటే ఆ కస్టమర్లకు ఇప్పుడే ఫోన్ చేసి శుక్రవారం అనండి. బిడ్డకు టీకా వేయిస్తున్నానంటే కాదనే ఆడమనిషి ఉండదు, వాళ్లూ తల్లులే.

సెంటర్‌కు పొద్దున్నే పోండి, పది దాటితే పసిపిల్లల తల్లులతో నిండిపోతుంది. బాబు టిఫిన్ తిని ఉండాలి, భుజం దాకా పైకి లాగగలిగే పొట్టి చేతుల చొక్కా వేయండి. సూది వేయరని అబద్ధం చెప్పి తీసుకుపోవద్దు. ఐదేళ్ల పిల్లాడు నొప్పిని మరిచిపోతాడు, మోసాన్ని మరిచిపోడు. 'ఒక్కసారి చురుక్కుమంటుంది, నేను పట్టుకుని ఉంటా' అని చెప్పండి, ఒళ్లో కూర్చోబెట్టుకుని వేయించండి. వేశాక ఏఎన్‌ఎం మీకు నాలుగు సంగతులు చెప్పాలి: ఏ టీకా వేశారు, దేనికి వేశారు, ఏం ఇబ్బంది రావచ్చు, మళ్లీ ఎప్పుడు రావాలి. హడావిడిలో ఆమె మరిచిపోతే మీరే అడగండి.

పాప సంగతి ఇంకా సులువు. పదేళ్లకు వేసేది టీడీ, 2019 నుంచి పాత టీటీ స్థానంలో ఇస్తున్నారు. టీటీలో ధనుర్వాతం మందు ఒక్కటే ఉండేది, ఇందులో కంఠసర్పి మందు కూడా ఉంది. పదకొండేళ్లకు వేసినా పనిచేస్తుంది. ఇద్దరికీ ఒకే రోజు వేయించవచ్చు. పోయే ముందు పాప బడిలో ఒకసారి కనుక్కోండి, చాలా బడుల్లో ఏఎన్‌ఎంలే వచ్చి వేసిపోతారు, తనకు అప్పటికే పడి ఉండొచ్చు. ఆ తర్వాతి టీడీ పదహారేళ్లకు. ఏ సంవత్సరంలో వస్తుందో లెక్కగట్టి కార్డు అట్ట మీద ఇప్పుడే పెన్నుతో రాయండి.

మీ గురించి మీరు ఒక్క మాటా అడగలేదు. సూదులు, కత్తెరల మధ్య పనిచేసే మనిషి మీరు. బాబు కడుపులో ఉన్నప్పుడు వేసిన ధనుర్వాతం టీకా ఆఖరిది అయితే ఆరేళ్లు దాటింది. పెద్దవాళ్లకు పదేళ్లకోసారి వేయించుకోవాలన్నది లెక్క. కానీ మట్టిలో పడిన మేకు గుచ్చుకోవడం లాంటి మురికి గాయం అయితే ఐదేళ్లు దాటినా ఒకటి వేయించుకోవాలి. ఆ పాత తేదీ కూడా పరకాలలో ఉన్న ఆ కార్డులోనే ముందు పేజీల్లో ఉంటుంది, అమ్మను ఆ పేజీ కూడా ఫొటో తీసి పెట్టమనండి.